ఆటబల్లకు గడప

మే 5, సోమవారం

పొద్దున్నే మొదటి వింత: బాపు నన్ను క్లబ్బులోకి రమ్మన్నాడు.

రాసి మళ్లీ చదువుకున్నాను. తప్పేమీ లేదు. రమ్మన్నాడు, నన్నే, క్లబ్బులోకే.

క్లబ్బు మా ఇంటి కిందనే ఉంది. పైన మేము కిరాయికి ఉంటాం, కింది షట్టరు బాపు కిరాయికి తీసుకుని ఒక స్నూకర్ బల్ల వేశాడు. మా ఊరు వేములఘాట్ రిజర్వాయరు నీళ్లలో కలిశాక, వచ్చిన పరిహారంతో ఊళ్లో తలా ఒకటి కొనుక్కున్నారు. కొందరు ప్లాట్లు, కొందరు బర్రెలు, కొందరు కార్లు. జీవితంలో గోలీలు తప్ప మరో ఆట ఎరగని మా బాపు గజేందర్ మాత్రం సికింద్రాబాద్‌లో మూసేస్తున్న ఒక క్లబ్బు నుంచి పాత స్నూకర్ బల్ల కొని సిద్దిపేటకు తెచ్చాడు. పొలం మునిగినట్టు బల్ల మునగదని లెక్క వేసి ఉంటాడు.

బోర్డు మీద 'క్రౌన్ స్నూకర్ క్లబ్, ఫ్యామిలీ వాతావరణం' అని ఉంటుంది. ఆ ఫ్యామిలీలో నేను తొమ్మిదో తరగతి దాకా ఉన్నాను. ఆ తర్వాత అక్కడి వాతావరణం నాకు పడదని బాపు కనిపెట్టాడు. అప్పటి నుంచి నేను పైన కూర్చుని కింది చప్పుళ్లు వింటున్నాను. బంతి అంచుకు కొట్టుకుంటే ఒక చప్పుడు, జేబులో పడితే ఇంకో చప్పుడు. మా వినయ్ అన్న ఆడుతున్నప్పుడు ఆ రెండో చప్పుడు వినబడదు.

నాకు ఆటంటే ఏ ఆసక్తీ లేదు. చెవులున్నాయి, అంతే.

పిలిచిన కారణం ఇదీ. ఇరవై నాలుగో తారీఖు శనివారం క్లబ్బులో టౌన్ టోర్నమెంటు. ఆలోపు బల్లకు కొత్త బట్ట, కుషన్లకు కొత్త పాలిష్ పడాలి. కుషన్లంటే బల్ల చుట్టూ ఉండే అంచుకట్టెలు. లోపలివైపు రబ్బరు, పైన నున్నటి టేకు. నున్నటి అనేది ఒకప్పటి మాట. ఇప్పుడు వాటి మీద చాయ్ గ్లాసుల గుండ్రాలు, సిగరెట్లు పెట్టి మరిచిపోయిన నల్లమచ్చలు, చేతుల జిడ్డు పేరుకుపోయి ఉన్నాయి. పాలిష్ చేసే ఖుతుబుద్దీన్ చాచా చేతికింది మనిషి మానేశాడట. వినయ్ అన్న చెయ్యి టోర్నమెంటుకు భద్రంగా ఉండాలి కనుక ఆయన సూపర్‌విజన్ చేస్తాడు. మిగిలింది నేను. ఇంటర్ అయిపోయింది, డిగ్రీ సీటు రావాలి, ఖాళీ.

"పని నేర్చుకున్నట్టుంటది" అన్నాడు బాపు. దేశంలో అన్ని ఉద్యోగాలూ అయిపోయాయి, కుషన్ల పాలిష్ ఒక్కటే మిగిలింది.

మే 6, మంగళవారం

క్లబ్బులో నేను గడిపిన కాలం: కట్టెలు విప్పి బయటికి మోసినంతసేపు.

లోపల పని చేస్తే దుమ్ము పలకరాయి మీద పడుతుందట. స్నూకర్ బల్లకు పచ్చబట్ట కింద ఉండేది చెక్క కాదు, రాయి. ఇన్నేళ్లు దాని నెత్తిన కాపురముండి నాకీ సంగతి తెలియదు. బాపు బల్ల కింద పడుకుని బోల్టులు విప్పుతుంటే ఒక్కో కుషన్ ఊడి వచ్చింది. ఆరింటినీ పై అంతస్తులో మా ఇంటి ముందున్న ఖాళీ డాబా మీదికి చేర్చాం. అంటే నన్ను క్లబ్బులోకి పిలిచింది క్లబ్బును నాలుగు చేతుల మీద బయటికి పంపించడానికి. మర్యాద చేయడంలో మా బాపును మించినవాడు లేడు.

వినయ్ అన్న మెట్ల మీద నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అన్నాడు. సూపర్‌విజన్ అనే మాటకు మా లెక్చరర్ బహుమతిగా ఇచ్చిన నిఘంటువులో పర్యవేక్షణ అని ఉంది. దాన్ని చేస్తున్నప్పుడు జేబుల్లోంచి చేతులు తీయకూడదని మాత్రం లేదు. రాయించాలి.

మే 7, బుధవారం

ఖుతుబుద్దీన్ చాచా మాట్లాడేదాంట్లో సగం గొప్పలు, మిగతా సగం చుట్టాల పెళ్లిళ్లు. పని ఆ రెంటి మధ్య సందులో జరుగుతుంది. మెదక్ రోడ్డులో ఒక డాక్టరు గారి డైనింగ్ టేబులుకు ఈయన పాలిష్ వేస్తే, డాక్టరు భార్య అద్దం అమ్మేసి టేబుల్లోనే చూసుకుని బొట్టు పెట్టుకుంటోందట.

గాజు పెంకుతో పాత పాలిష్ గీకడం నేర్పాడు. గీకుతుంటే ఎన్నో ఏళ్ల నలుపు చక్కెర పొడిలా రాలింది. తర్వాత ఉప్పుకాగితం. నేను హుషారుగా అటూ ఇటూ, అడ్డం నిలువూ రుద్దేశాను.

"అరే బేటా, గట్ల అడ్డం గీకకు. కట్టెకు రేషా ఉంటది. రేషా ఎటు పోతే నీ చెయ్యి గూడ అటే పోవాలె."

రేషా అంటే కట్టెలోని పోగు. ఎంత మంచి మాట. పొద్దంతా అదే అనుకుంటూ రుద్దాను. అడ్డంగా పడ్డ గీతలు పోవడానికి సాయంత్రం అయ్యింది, వేళ్ల మీది చర్మం కొంత కట్టెకు ఇచ్చుకున్నాను. చాచా ఆ గీతలు చూసి, తన జన్మలో ఇంత కష్టపడి ఇంత చెడగొట్టినవాళ్లను చూడలేదన్నాడు. ఆయన చూసినవాళ్లలో నేనే మొదటిదాన్ని కావడం గర్వకారణం.

మే 8, గురువారం

చాచా రాలేదు. పెళ్లి.

మే 9, శుక్రవారం

చాచా ఈరోజూ రాలేదు. నిన్నటి పెళ్లి తాలూకు వలీమా విందు.

మా బాపమ్మ లక్ష్మీబాయి శుక్రవారం కార్యక్రమం యథావిధిగా నడిచింది. ఈ ఇంటి గుమ్మానికి కట్టె గడప లేదు, నల్ల గ్రానైటు బండ ఉంది. బాపమ్మ దానికి పసుపు రాసి బొట్లు పెడుతుంది. బండ పసుపును పట్టుకోదు. మధ్యాహ్నానికి ఎండి పొట్టులా లేస్తుంది, సాయంత్రానికి మా కాళ్లకు అంటుకుని వంటింట్లోకి, మంచాల మీదికి షికారు పోతుంది.

"కట్టె కడప అయితే తాగుతది. బండకేం తెలుసు" అని వారం వారం అంటుంది బాపమ్మ. గడపను కడప అనడం ఆమె అలవాటు. ఇల్లు మారినప్పటి నుంచి ఇదే మాట, ఇదే బండ. బాపు వారం వారం విననట్టు చెప్పులు వేసుకుంటాడు.

సాయంత్రం డాబా మీద ఒక చిన్న ప్రయోగం చేశాను. శాస్త్రీయమైనది. గీకిన కుషన్లను నేల మీద చదరంగా పేర్చాను. లోపలివైపు రబ్బరు ఇంకా ఉంది కదా, దాని గుణం ఏమిటో తెలుసుకోవడం పాలిష్ చేసేవాళ్లకు అవసరం. బంతులు లేవు కనుక నిమ్మకాయలు. కర్ర లేదు కనుక, టిప్పు ఊడిపోయిందని బాపు పారేస్తే టమాటా చెట్టుకు ఊతంగా పాతిన పాత క్యూ. నిమ్మకాయ రబ్బరుకు తగిలి వెనక్కి వస్తుంది గానీ ఎటు వస్తుందో దానికే తెలియదు. అయినా ఒకటి తిన్నగా వచ్చి ఇంకోదాన్ని ముద్దుగా తాకి ఆగింది. ఆ చప్పుడు నాకు పైనుంచి తెలిసిన చప్పుడే.

గుమ్మంలో కూర్చున్న బాపమ్మ ఆ టకటక ఏమిటని అడిగింది. కాకులు వస్తున్నాయి, కొడుతున్నానని చెప్పాను.

"ఈ యేడు కాకులు బాగ పెరిగినయి" అని లోపలికి పోయింది.

బాపమ్మకు కళ్లు సరిగా కనబడవు. మా ఇంట్లో అందరూ ఈ మాటే అంటారు, ముఖ్యంగా బాపమ్మ. మంచం మీద పడుకుని చేటలోని బియ్యంలో రాయిని చూపించి నాతో తీయిస్తుందనుకోండి, అది వేరే సంగతి.

(అనుకోండి అని ఎవరితో అంటున్నాను? ఈ డైరీ నేను తప్ప చదివేవాళ్లు లేరు. చదువుకున్నదాని అలవాటు.)

మే 11, ఆదివారం

అడిగేశాను.

బాపు టీవీలో ఎవరో చైనా వాళ్లు స్నూకర్ ఆడుతుంటే చూస్తున్నాడు. మంచి సమయం అనుకున్నాను.

"బాపూ, కుషన్లు బిగించినంక ఒక్క గేమ్ నేను ఆడుత."

"బిగించే వరకే నీ పని."

"ఎవరు లేనప్పుడే. షట్టర్ సగం దించి."

బాపు టీవీ ఆపాడు. అది మంచి గుర్తు కాదు.

"నువ్వు ఆడినవని తెలిస్తే పోరగాండ్లు ఆట చూడనీకి వస్తరు, ఆడనీకి రారు. రేపు ఎవడో ఫోన్ల ఫోటో దీస్తడు. నేను ఎంతమంది నోర్లు ముయ్యాలె? కాలేజీ ఉన్నది, బుక్కులున్నయి. గీ ఒక్క జాగ ఇడిసిపెట్టు బిడ్డా."

బిడ్డా అన్నప్పుడు గొంతు మెత్తబడింది. అదే కష్టం. కసిరితే కోపం తెచ్చుకోవచ్చు.

అన్న పక్కనుంచి, స్నూకర్‌కు మణికట్టులో బలం ఉండాలని, అది పుట్టుకతో రావాలని అన్నాడు. అన్న పుట్టినప్పుడు మణికట్టు దగ్గర కరెంటు పోయి ఉంటుంది.

అమ్మ అంగన్‌వాడీ రిజిస్టరు మూసి నా వైపు ఒకసారి చూసింది. అన్నం పెట్టేటప్పుడు నాకు పెరుగు మీది మీగడ వేసింది. ఇంట్లో నాకు దక్కిన న్యాయం ఇంతవరకు ఆ మీగడే.

మే 12, సోమవారం

నాకు ఆటంటే ఆసక్తి లేదని మరోసారి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇంట్లో నిమ్మకాయలు అయిపోయాయి.

మే 15, గురువారం

ఆరు కట్టెలూ రుద్దడం పూర్తి. పాత రబ్బరు ఊడదీశారు, కొత్తది పాలిష్ తర్వాత. పచ్చి టేకు ఇలా ఉంటుందని నాకు తెలియదు. ఇన్నాళ్లూ చూసిన నలుపు కింద కట్టె తెల్లగా, తాకితే చెంప మీద చెయ్యి వేసినట్టు ఉంది. సన్నటి రేషాలు ఈ కొసన మొదలై ఆ కొస దాకా ఎక్కడా తొందరపడకుండా పోతాయి. ఈ కట్టె మీద చెయ్యి ఆనించి కొట్టే మొదటి మనిషి వినయ్ అన్న అవుతాడు. కట్టె చేసుకున్న పాపం ఏమిటో.

చాచా ఆకాశం చూసి వాన రాదన్నాడు. రేపు పాలిష్ మొదలు, ఈ రాత్రి కట్టెలు డాబా మీదే ఉండనీయమని, నలభై ఏళ్ల అనుభవమని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన వీధి మలుపు తిరగకముందే గాలిదుమారం లేచింది. అమ్మ, నేను ఉరికి కట్టెలను ఇంట్లోకి చేర్చాం. నాలుగు గోడకు ఆనాయి, ఒకటి మంచం కిందికి పోయింది. ఆరోదానికి ఎక్కడా జాగ లేదు. గుమ్మంలో బండ మీద, బండ పొడవునా పెట్టేశాను. సరిగ్గా కుదిరింది. తడవకుండా తలుపు వేశాను.

మంచి పని చేశానని అనుకుని ఇప్పుడు రాసుకుంటున్నాను.

మే 16, శుక్రవారం

పొద్దున లేచేసరికి ఆరో కట్టెకు పసుపు రాసి ఉంది.

కొంచెం కాదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా, పైన, పక్కన, నీళ్లలో కలిపిన చిక్కటి పసుపు. దాని మీద వరసగా కుంకుమ బొట్లు, రెండు కొసల్లో బియ్యప్పిండి ముగ్గు, మధ్యలో రెండు గన్నేరు పూలు. పక్కన పీట మీద బాపమ్మ, తల స్నానం చేసి, చేతులు మోచేతుల దాకా పసుపుగా, ఇన్నేళ్లలో చూడనంత ప్రశాంతంగా కూర్చుని ఉంది.

మొదట చూసింది అన్న. సూపర్‌విజన్ మొదటిసారి పనికొచ్చింది. ఆయన కేకకు బాపు పరుగెత్తుకొచ్చాడు, అప్పుడే మెట్లెక్కి వస్తున్న చాచా అక్కడే ఆగిపోయాడు. బాపు ముఖం చూసి నేను కట్టె అక్కడ పెట్టింది నేనేనని ముందే చెప్పేశాను. ఆయన నా మాట వినలేదు. తల్లి వైపే చూస్తున్నాడు.

"ఏం జేసినవే అవ్వా? ఆట బల్లది గది."

"నాకేం ఎరుక కొడుకా. కండ్లు కనవడవాయె. ఇన్నేండ్లకు నా కొడుకు కట్టె కడప తెచ్చి ఏసిండు అనుకున్న."



మేము ఊరు ఖాళీ చేసిన రోజు తలుపులు, దూలాలు, కిటికీలు అన్నీ విప్పి ట్రాక్టరుకు ఎక్కించారు. గడప మాత్రం గోడల్లోకి కూరుకుపోయి రాలేదు. గడ్డపారతో బాపు చాలాసేపు తవ్వాడట. ఆ పొద్దున కూడా బాపమ్మ దానికి పసుపు రాసి వచ్చింది. ఇప్పుడది ఎన్ని నిలువుల నీళ్ల కింద ఉందో ఎవరికీ తెలియదు, దాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. బాపు వంగి కింద పడ్డ గన్నేరు పువ్వు తీసి కట్టె మీద పెట్టాడు, తర్వాత తానేం చేశాడో అర్థమై మళ్లీ తీశాడు.

చాచా రంగంలోకి దిగాడు. తడిబట్టతో తుడిచాడు. పసుపు నవ్వింది. ఉప్పుకాగితంతో రుద్దాడు, ఇంకా లోపలి నుంచి పసుపే వచ్చింది. స్పిరిట్ వేసి చూశాడు, ఆ దెబ్బతో బొట్టు బొట్టుగా ఉన్నది నదిలా పారింది.

"తాగేసింది" అన్నాడు చివరికి, ఎవరో మనిషి గురించి చెప్పినట్టు.

కొత్త కట్టె తెద్దామన్నాడు బాపు. ఇంత పాత టేకు ఇప్పుడు దొరకదు, దొరికినా ఈ వంపు చెక్కడానికి నెల పడుతుంది, వచ్చే శనివారమే టోర్నమెంటు అన్నాడు చాచా. పారేసే మాట వచ్చేసరికి బాపమ్మ పీట మీద నుంచే, పసుపు రాసిన కట్టెను పారేసే కొడుకును తాను కనలేదని తెలియజేసింది. అన్న, అయిదు ఒక రంగు ఒకటి ఒక రంగు ఉంటే జనం నవ్వుతారన్నాడు. జనం నవ్వడానికి మా క్లబ్బులో ఇప్పటికే ఏర్పాటు ఉంది, శనివారం క్యూ పట్టుకుంటుంది. కానీ నేను అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు చాచాకు, ఆయన చెప్పే నలభై ఏళ్లలో బహుశా మొదటిసారి, ఒక ఆలోచన వచ్చింది.

"గజేందర్ భాయ్, ఒక్కటి పసుపైతే గలతీ. ఆరుకు ఆరు పసుపైతే డిజైన్."

మే 17, శనివారం

మిగతా అయిదు కట్టెలకూ పసుపు పూశాను. ఇంటర్‌లో తొంభై ఆరు శాతం వచ్చిన పిల్ల చేయదగిన పనే.

బాపమ్మ పీట వేసుకుని పక్కన కూర్చుంది. నీళ్లు ఎక్కువైనాయని, కొసల్లో పలచగా ఉందని, ముందువైపు ఒత్తుగా రాయమని చెబుతూనే ఉంది. కళ్లు కనబడనివాళ్లకు ఇంత వివరంగా ఎలా తెలుస్తుందో.

సాయంత్రానికి చాయ్ హోటల్లో చాచా ఈ రంగు పేరు నిజాం పసుపు అని, తన తాత దగ్గర నేర్చిన గుట్టు అని చెప్పుకున్నాడట. అన్న వచ్చి చెప్పాడు. ఒక అబద్ధం పుట్టి గుట్టుగా మారడానికి ఒక్క రోజు పట్టిందన్నమాట.

మే 19, సోమవారం

చప్డా అని లక్క పెంకుల్లాంటివి వస్తాయి. వాటిని స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని మెత్తటి బట్టలో ముడిచి, దాంతో తుడుస్తూ పోవాలి. మధ్యలో ఆగకూడదు, ఆగితే అక్కడ మచ్చ. ఒక పూత, ఆరాక సన్న కాగితం, మళ్లీ పూత. చాచా సరిగ్గా చేశాడు. గొప్పలు కూడా ఆపాడు, ఊపిరి చాలక.

రంగు గురించి రాయాలి. పసుపు మీద ముదురు చప్డా పడేసరికి ఎరుపు వచ్చింది, లోపల ఎక్కడో దీపం పెట్టినట్టు. నిఘంటువులో ఎన్నో వెతికాను: పింగళం, కపిలం, పిశంగం. ఏదీ సరిపోలేదు. చివరికి అమ్మ వచ్చి చూసి బెల్లం పాకం ముదిరినట్టుంది అంది, నిఘంటువు మూసేశాను.

బాపు కింద నుంచి వచ్చి ఒక్కో కట్టె మీద వేలి వెనకవైపు ఆనించి చూశాడు. మళ్లీ మొదటిదాని దగ్గరికి పోయి ఇంకోసారి ఆనించాడు.

రేపు బిగిస్తారు.

మే 20, మంగళవారం

బిగించారు. కొత్త రబ్బరు, కొత్త పచ్చబట్ట, ఆరు కుషన్లు. బల్ల కింద పడుకుని బోల్టులు అందించాను. బల్ల కింద నుంచి ప్రపంచం బాగుంటుంది, మనుషులు మోకాళ్ల వరకే ఉంటారు, మోకాళ్లు మాట్లాడవు.

మొదటి దెబ్బ అన్న కొట్టాడు. ఆ చప్పుడు గురించి ఏమీ రాయను.

"ఇగ నువ్వు పైకి పో" అన్నాడు బాపు, మెల్లగా.

మే 21, బుధవారం

పొద్దున ఏమీ రాయాలనిపించలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగింది రాయకపోతే నిద్ర పట్టదు.

బాపు అన్నం కలుపుతున్నాడు. బాపమ్మ మంచం మీద నుంచి, తన కడప ఏమైందని అడిగింది. బల్లకు బిగించామని చెప్పాడు బాపు. అయితే ఎల్లుండి శుక్రవారం దానికి పసుపు ఎవరు పెడతారని బాపమ్మ అడిగింది.

కలుపుతున్న చెయ్యి ఆగింది.

"అవ్వా, అది కడప గాదు. స్నూకర్ బల్ల."

"నేను రాసినప్పుడు యాడున్నది?"

"దర్వాజల ఉన్నది."

"దర్వాజల అడ్డం పెట్టిన కట్టెను కడప అనకపోతే ఏమంటర్రా? ఒకసారి పసుపు పడ్డంక వారం వారం పడాలె. నడుమ ఇడిసిపెడితే ఇంటికి అరిష్టం. ఒక కడపను నీళ్లపాలు జేసి వచ్చినం. ఇది గూడ ఎండబెడ్తవా?"

ఫ్యాను ఏదో అనబోయి ఊరుకుంది.

బాపు తేరుకుని, వినయ్ పెడతాడులే అన్నాడు. మగవాడు గడపకు పసుపు రాసిన ఇల్లు ఎక్కడైనా చూశావా అని బాపమ్మ అడిగింది. అన్న మణికట్టు చూసుకున్నాడు. అమ్మ, తనకు పొద్దున అంగన్‌వాడీకి ఆలస్యమవుతుందని ఎవరూ అడగకముందే చెప్పింది. అమ్మ ఏనాడూ ఎనిమిదింటికి ముందు బయల్దేరదు. బాపమ్మ మోకాళ్లు మెట్లు దిగవని అందరికీ తెలుసు. ఇక ఆ ఇంట్లో ఆడమనిషి ఎవరు మిగిలారా అని అందరూ ఆలోచించారు. నేను పచ్చడి వైపు చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం చాచాను పిలిపించారు. తన పాలిష్ మీద పసుపు అనేసరికి ఆయన ప్రాణం పోయినట్టు అరిచాడు. చాలాసేపు బేరమాడి, కట్టెల అడుగువైపు, పాలిష్ పడని చోట, ఒక్కో వేలెడు పసుపు, ఒక్కో బొట్టు అని ఒప్పందం కుదిరింది. బాపమ్మ వెంటనే ఒప్పుకుంది. ఆమె అంత తొందరగా దేనికీ ఒప్పుకోగా నేను చూడలేదు.

పడుకోబోతూ నన్ను దగ్గరికి పిలిచి జడ సరిచేసింది.

"ఇగ నిమ్మకాయలు ఇంట్లనే ఉండనియ్యి బిడ్డా. పప్పులకు పిండుదామంటె ఒక్కటి లేదు."

మే 22, గురువారం

క్లబ్బు తాళంచెవి నా దగ్గరుంది. రాసేటప్పుడు పక్కన పెట్టుకున్నాను, కాగితాలు ఎగరకుండా.

బాపు షరతులు పెట్టాడు. ఆరింటికి దిగాలి, షట్టరు సగమే ఎత్తాలి, క్లబ్బు పది గంటలకు తెరుస్తారు కనుక దానికి చాలా ముందే పైకి వచ్చేయాలి. పసుపు పెట్టడానికి అయిదు నిమిషాలు చాలు. అన్నీ గోడ వైపు చూస్తూ చెప్పాడు. చివర్లో చెప్పులు వేసుకుంటూ ఇంకొకటి అన్నాడు.

"బల్ల మీది లైట్ స్విచ్ ఎడమ దిక్కు ఉంటది. కర్రకు రుద్దే చాక్ గల్లాపెట్టె మీదున్నది."

బల్ల అడుగున పసుపు రాయడానికి బల్ల మీది లైటు ఎందుకో, చాక్ ఎందుకో నేను అడగలేదు. పెద్దవాళ్లు చెప్పింది వినాలి, ప్రశ్నించకూడదు. నేను ఈ ఇంట్లో ఎప్పుడూ అలాగే పెరిగాను.

వెనక్కి తిప్పి చూస్తే నాకు ఆటంటే ఆసక్తి లేదని ఈ డైరీలో రెండుసార్లు రాసి ఉంది. కొట్టేయను. చేతిరాత బాగా వచ్చింది.

అన్న అడిగాడు, ఆరు కట్టెలకు పసుపు పెట్టడానికి ఎంతసేపు పడుతుందని. గడప పని, తొందరపడితే అరిష్టమని చెప్పాను. అరిష్టం చాలా మంచి మాట. నిఘంటువులో వెతికే పని కూడా లేదు, బాపమ్మ ముఖం చూస్తే అర్థం తెలుస్తుంది.

రేపు అయిదింటికి లేవాలి. తల స్నానం. చిన్న గిన్నెలో పసుపు, కుంకుమ భరిణె, ఆరు గన్నేరు పూలు. తలుపు దగ్గర అడ్డం పెట్టిన కట్టెను బల్లకు ఏ వైపు బిగించారో బోల్టులు అందించినప్పుడే గుర్తు పెట్టుకున్నాను. మొదటి బొట్టు దానికే. తర్వాత చెయ్యి బాగా కడుక్కోవాలి, కొత్త బట్టకు మరక అంటితే మళ్లీ పైకే. చెయ్యి పూర్తిగా ఆరాక లైటు వేసి, ఎర్రబంతులు ముక్కోణంలో పేర్చి, తెల్లబంతిని కుడి పక్కన పెట్టి, ఎడమచెయ్యి ఆ కట్టె మీద ఆనించి, మెల్లగా కొట్టాలి. చప్పుడు పైదాకా వస్తుంది. బాపమ్మ అప్పటికి లేచే ఉంటుంది.